గోల్డెన్ గేట్ పార్కు: అమ్మానాన్నలతో ఒక్కరోజులో ఏమేం చూడొచ్చు?

జూలైలో అమ్మానాన్న ఫ్రీమాంట్ వస్తున్నారు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కుకి ఒక్కరోజు సరిపోతుందా, ఏ టికెట్లు కొనాలి అని కదా అడిగారు. పార్కంతా చూడాలంటే సరిపోదు. దాదాపు ఐదు కిలోమీటర్ల పొడవు, వెయ్యి ఎకరాల పైమాటే. కానీ పెద్దవాళ్లకి నచ్చేవన్నీ తూర్పు వైపున, మ్యూజిక్ కాన్‌కోర్స్ అనే ఆరుబయటి ప్రాంగణం చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కడే నింపాదిగా తిరగండి, మిగతాది వదిలేయండి. మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చినప్పుడు నేను చేసేది అదే.

ఒక విషయం ఇంట్లోనే చెప్పి బయల్దేరండి: ఎర్రటి గోల్డెన్ గేట్ బ్రిడ్జి ఈ పార్కులో లేదు. పేరు చూసి అందరూ ఉందనే అనుకుంటారు. మా అత్తయ్యగారు కారు దిగగానే "బ్రిడ్జి ఏదమ్మా?" అన్నారు. ఇంకోటి చలి. మీ ఫ్రీమాంట్‌లో ఎండ మండిపోతున్న రోజున కూడా అక్కడ సముద్రం మీంచి పొగమంచు వచ్చి కమ్మేస్తుంది. స్వెటర్లు, నాన్నగారికి మంకీ క్యాప్ తప్పకుండా పట్టుకెళ్లండి. సెప్టెంబరు, అక్టోబరులో అయితే ఎండ బాగుంటుంది, కానీ విమానం టికెట్లు కొనేశారు కాబట్టి ఆ మాట ఇప్పుడెందుకు.

పొద్దున్నే జపనీస్ టీ గార్డెన్‌కి వెళ్లండి. సోమ, బుధ, శుక్రవారాల్లో పదింటిలోపు లోపలికి వెళ్తే టికెట్ అక్కర్లేదు. సోమవారం పక్కనే ఉన్న డి యంగ్ అనే కళల మ్యూజియం మూసి ఉంటుంది, అందుకే నా ఓటు శుక్రవారానికి. 1894లో జరిగిన ఎగ్జిబిషన్ కోసం వేసిన తోట ఇది. తర్వాత మకోతో హగివారా అనే ఆయన, ఆయన కుటుంబం అక్కడే ఉంటూ దాన్ని పెంచారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, మిగతా జపనీస్ అమెరికన్లతో పాటు ఆ కుటుంబాన్నీ నిర్బంధ శిబిరానికి పంపేశారు. తోటలో వాళ్లుండే ఇల్లు కూడా కూల్చేశారు. అంత అందమైన చోట తిరుగుతుంటే నాకు ఆ సంగతే గుర్తొస్తూ ఉంటుంది. లోపల డ్రమ్ బ్రిడ్జి అని అర్ధచంద్రాకారంలో ఒక చెక్క వంతెన ఉంది. నిటారుగా ఉంటుంది, నాకే ఎక్కడానికి భయం. నాన్నగారిని కింద నిలబెట్టి ఫొటో తీయండి, చాలు.

డబ్బు పెట్టి చూడాల్సింది ఒక్కటే అంటే నేను కన్సర్వేటరీ ఆఫ్ ఫ్లవర్స్ అంటాను. 1879లో తెరిచిన, వేడి ప్రాంతాల మొక్కలు పెంచడానికి చెక్కతో గాజుతో కట్టిన తెల్లటి భవనం. అక్కడికి వెళ్లే జేఎఫ్‌కే డ్రైవ్ మీద ఇప్పుడు కార్లు తిరగవు, చదునైన రోడ్డు, ఆగి ఆగి నడవొచ్చు. లోపలికి అడుగు పెట్టగానే కళ్లజోడు మసకబారిపోతుంది, అంత ఉక్క. బయట చలికి వణికిన అత్తయ్యగారు స్వెటర్ తీసేసి "ఇప్పుడు ఇంట్లో ఉన్నట్టుంది" అన్నారు. మామయ్యగారిది ఏలూరు దగ్గర, కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో వేస్తారు. అక్కడ మొక్కల మధ్య కోకో చెట్టు కనిపించేసరికి ఇంక కదల్లేదు. కాండానికే అంటుకుని వేలాడే కాయను వంగి చూసి, ఆకు వెనక్కి తిప్పబోతే నేనే ఆపాను, ముట్టుకోకూడదు కదా. ఊళ్లో చెట్ల గురించి అరగంట చెప్పారు. మీ నాన్నగారికి వ్యవసాయం పరిచయమైతే ఆయనా అంతే.

ఈ పార్కున్న చోటంతా ఒకప్పుడు ఇసుక దిబ్బలే. 1870ల్లో విలియం హామండ్ హాల్ అనే ఇంజినీరు ముందు బార్లీ, తర్వాత ల్యూపిన్ మొక్కలు వేసి ఇసుకను నిలబెట్టి, ఆ పైన చెట్లు పెంచాడు. ఇది చెప్తే మామయ్యగారు "మన బాపట్ల వైపు సరుగుడు వేసినట్టే" అన్నారు.

డి యంగ్ మ్యూజియం టవర్‌కి టికెట్ లేదు. లిఫ్టులో పైకెళ్తే నగరమంతా కనిపిస్తుంది, మంచు లేకపోతే మీరు వెతికే బ్రిడ్జి కొసలు కూడా. మ్యూజియం కంటే టవర్ ముందే మూసేస్తారు, సాయంత్రానికి వాయిదా వేయకండి. లోపలి గ్యాలరీలు ఎక్కువగా అమెరికన్ చిత్రాలు, ఆఫ్రికా, ఓషియానియా కళ. మన విగ్రహాలు చూడాలనుంటే సివిక్ సెంటర్లో ఉన్న ఏషియన్ ఆర్ట్ మ్యూజియంకి ఇంకోరోజు వెళ్లండి. 2001 దాకా అది కూడా ఇక్కడే ఉండేది.

కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ మాత్రం పిల్లలు లేకుండా వెళ్తే దండగని నా అభిప్రాయం. టికెట్ మనిషికి నలభై డాలర్ల చుట్టూ ఉంటుంది. చేపలు, సీతాకోకచిలుకలు, ప్లానెటేరియం అన్నీ బాగుంటాయి, కానీ ఆ గోలలో పెద్దవాళ్లు అలసిపోతారు.

అమ్మగారికి భక్తి ఉంటే ఈ కథ చెప్పండి. 1990ల మొదట్లో ఈ పార్కులో పడేసి ఉన్న ఒక గుండ్రటి రాతి దిమ్మెను, ట్రాఫిక్‌కి అడ్డం పెట్టేదాన్ని, శివలింగమని జనం పూలూ పాలూ పెట్టి పూజించడం మొదలుపెట్టారు. చివరికి 1994లో నగరం వాళ్లు దాన్ని అక్కడి నుంచి తీసేయించారు. అత్తయ్యగారు ఇది విని "తీసేయకుండా ఉండాల్సింది" అని ఇప్పటికీ అంటారు.

బైసన్లు (అమెరికా అడవి దున్నలు), గాలిమరలు పార్కుకి పడమటి వైపు. ఓపిక మిగిలితే ఇంటికొచ్చేటప్పుడు కారులోంచి చూడండి, లేకపోతే లేదు.

పార్కింగ్ కాన్‌కోర్స్ కిందనే ఉన్న గ్యారేజీలో పెట్టండి. ఖరీదే, కానీ లిఫ్టులో నేరుగా పైకి వచ్చేస్తారు, మోకాళ్లకి అదే మేలు. పార్కులో ఉచిత షటిల్ కూడా తిరుగుతుంది, దాని వేళలు ముందురోజు చూసుకోండి. డి యంగ్‌లో వీల్‌చైర్ అడిగితే ఇస్తారు, అది మ్యూజియంలో తిరగడానికే. తిండికి పులిహోర డబ్బా తీసుకెళ్లి బెంచీ మీద కూర్చుని తినండి, అక్కడ కొన్నవి మనవాళ్లకి నోటికెక్కవు. బ్యాగులు, పర్సులు మాత్రం కారులో కనబడేలా వదలొద్దు. ఆ ఊళ్లో అద్దాలు పగలగొట్టడం మామూలే, పాస్‌పోర్టులు అసలు ఇంట్లోనే ఉంచి రండి.