డబ్బా మీద చెయ్యి పెట్టి చూడు

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నా మోకాళ్ళ గురించి, నిద్ర గురించి అన్నీ అడిగి, కాసేపు ఆగి, "అక్కా, వీడు ఇంట్లో బీరు తయారు చేస్తాడట. దానికి కంప్యూటర్ పెట్టి వేడి కొలుస్తాడట. నువ్వైనా ఒక మాట చెప్పు" అన్నాడు. నేను వద్దని చెప్పాలని వాడి ఆశ. నేనెలా చెప్తాను? మామయ్యా నేనూ పదిహేనేళ్ళు చేసిన పనే అది. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మామయ్య పోయాక ఆ పని మనింట్లో ఇంకెవరూ ముట్టుకోరనుకున్నాను. నువ్వు మొదలుపెడుతున్నావంటే ఎంత సంతోషం వేసిందో, నువ్వు ఎక్కడెక్కడ తప్పు చేస్తావో కళ్ళకు కట్టి అంత టెన్షన్ వచ్చింది. అందుకే లేచి కూర్చుని రాస్తున్నాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. నీ గదిలో మాల్టు సంచి, అదే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ సంచి, చూసి మీ నాన్న అడిగేదాకా చెప్పలేదట. అడిగాక కూడా "కంప్యూటర్ ప్రాజెక్టు" అన్నావట. వాడి కోపం బీరు మీద కాదురా, దాచావని. ఇరవై లీటర్ల డబ్బా పగలూ రాత్రీ బుడగలు వేస్తుంటే ఎన్నాళ్ళు దాస్తావు? కూర్చోబెట్టి నిజం చెప్పు. నువ్వుండే చోట ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా, లైసెన్సు కావాలా అన్నది కూడా ముందే కనుక్కో. ఇంకో మాట. బీరు పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టి సారా దించడం వేరు. ఆ రెండోదాని జోలికి ఎప్పుడూ పోకు.

తయారీ గురించి నువ్వు చదివే ఉంటావు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. మాల్టు కలిపాక నీళ్ళు 66 డిగ్రీల దగ్గర ఉండాలి, కాబట్టి కలపకముందు అయిదారు డిగ్రీలు ఎక్కువ పెట్టుకో. గంటసేపు అలాగే ఉంచు. 62 దగ్గర ఉంచితే బీరు పలచగా వస్తుంది, 69 దగ్గరైతే చిక్కగా, కాస్త తీపి మిగిలి వస్తుంది. 77 దాటిందంటే పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు చచ్చిపోతాయి. ఆ తర్వాత గంట మరగనివ్వు. మొదట వేసిన హాప్స్ పూలు చేదునిస్తాయి, ఆఖర్లో వేసినవి వాసననిస్తాయి. మొదటి పొంగు వచ్చేటప్పుడు పొయ్యి దగ్గర నుంచి కదలకు. మరిగాక త్వరగా చల్లార్చు. అక్కణ్ణుంచి దాన్ని తాకే గొట్టం, గరిటె, మూత, నీ సెన్సార్ వైరు, అన్నీ శానిటైజర్‌లో మునిగి రావలసిందే.

ఇక నీ కంప్యూటర్ సంగతి. డీఎస్18బీ20 అని వేడి కొలిచే సెన్సార్లు కొన్నావని మీ నాన్న చదివి వినిపించాడు. వాడికి అర్థం కాకపోయినా అక్షరం పొల్లుపోకుండా చదివాడు, అది గుర్తుంచుకో. మంచి సెన్సార్లే. మూడు నాలుగు ఒకే వైరు మీద పెట్టుకోవచ్చు, ఒక్కోదానికీ సొంత నంబరు ఉంటుంది. ఏ నంబరు ఎక్కడ పెట్టావో టేపు మీద రాసి వైరుకే అతికించు. డేటా వైరుకూ కరెంటు వైరుకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మరిచిపోకు. అర డిగ్రీ అటూ ఇటూ చూపించే హక్కు దానికుంది కాబట్టి, నలగ్గొట్టిన మంచును కొద్ది నీళ్ళతో కలిపి అందులో ముంచి, సున్నాకు ఎంత తేడా వస్తుందో రాసి పెట్టుకో. మరిగే నీళ్ళతోనూ చూడొచ్చు గానీ, ఎత్తు మీద ఉంటే నీళ్ళు 100 కంటే ముందే మరుగుతాయి, దాదాపు మూడు వందల మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున.

ఆ సెన్సార్ ఒక్కోసారి సరిగ్గా 85 అని చూపిస్తుంది. అది వేడి కాదు. కరెంటు వచ్చి ఇంకా కొలవకముందు దాని నోట్లో ఉండే అంకె అది. వైరు ఊడితే, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డులో సెన్సార్లను చదవడానికి వాడే లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. నీ ప్రోగ్రామ్ దాన్ని నమ్మిందంటే డబ్బా గడ్డకట్టిపోతోందనుకుని హీటర్ వేసి కూర్చుంటుంది. ఇలాంటి అంకె వస్తే హీటరూ ఫ్రిజ్జూ రెండూ ఆగిపోయేలా రాయి. ఇది నీకు చిన్న సంగతిలా కనపడుతుంది. నాకెందుకు కాదో చెప్తాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. చలికాలం. మూత పైకి తెరుచుకునే పాత ఫ్రీజర్‌లో మా డబ్బా పెట్టి, లోపల వేడి కోసం ఒక రేకు డబ్బాలో అరవై వాట్ల బల్బు బిగించాం. ప్రోగ్రామ్ నేనే రాశాను. 19 డిగ్రీలు దాటితే బల్బు ఆరిపోతుంది, తగ్గితే వెలుగుతుంది. ఎక్కడ కూర్చున్నా ఆ అంకె నాకు కనపడేలా చేసుకున్నాను. అది చేసినప్పుడు నాకెంత గర్వంగా ఉండేదో నీకు తెలుసు, ఇప్పుడు నీకూ అలాగే ఉండి ఉంటుంది. పులియబెట్టే ఈస్ట్ వేసిన మర్నాడే ఉద్యోగం పని మీద మూడు రోజులు ఊరెళ్ళాను. బయల్దేరే ముందు ఒకసారి మూత తీసి చూసి వేశాను. ఆ వెయ్యడంలో సెన్సార్ వైరు మూతకు తగిలి, మొన లోపలి నుంచి ఊడి ఫ్రీజర్ వెనకాల నేల మీద పడింది. నేను చూసుకోలేదు.

ఆ రాత్రి అక్కణ్ణుంచి చూస్తే తెర మీద 14. మధ్యాహ్నం 16, తెల్లవారుజామున 12. బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంది. "చలి ఎక్కువగా ఉంది, బల్బు చాలడం లేదు" అనుకున్నాను. రెండో రోజు మామయ్య ఫోన్ చేసి, "మూత తీసి ఒకసారి చూడనా? ఏదో వాసన వస్తోంది" అన్నాడు. నేనేమన్నానో ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. "తియ్యకు, ఉన్న వేడి కూడా పోతుంది. నేనిక్కడ అంకెలు చూస్తూనే ఉన్నాను కదా" అన్నాను. మామయ్య సరేనన్నాడు. నా చదువు మీద ఆయనకు అంత నమ్మకం. చెయ్యి చాచితే అందే దూరంలో ఉన్న మనిషిని, వందల కిలోమీటర్ల దూరం నుంచి, ముట్టుకోవద్దని ఆపాను.

మూడో రోజు రాత్రి ఆయన నా మాట వినలేదు. మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టిందట. గాజు థర్మామీటరు ముంచితే 42. బల్బు పక్కనున్న అట్టముక్క నల్లగా కమిలిపోయింది. హోల్డర్ వైరు తొడుగు మెత్తబడి సాగిపోయింది. ఇంకొన్ని గంటలు ఆలస్యమై ఉంటే అంటుకునేది. ఆ గోడకు అవతలి పక్కనే ఆయన మంచం. నేను తిరిగొచ్చేసరికి అన్నీ విప్పి, తుడిచి, నేల మీద పరిచి ఉంచాడు. ఒక్క మాట అనలేదు. "బీరు మాత్రం పారబోశానే, రంగులు కలిపే థిన్నర్ వాసన వచ్చింది" అన్నాడు, అంతే. నేను వైరు మొనను చేతిలో పట్టుకుని చాలాసేపు నేల మీదే కూర్చుండిపోయాను.

తర్వాత ఆ మూడు రోజుల అంకెలూ మళ్ళీ చూశాను. తప్పు అందులోనే కనపడుతోంది. ఇరవై లీటర్ల ద్రవం పొద్దునకీ మధ్యాహ్నానికీ నాలుగు డిగ్రీలు ఎక్కి దిగదు. అంత బరువు వేడెక్కడానికీ చల్లారడానికీ చాలా టైమ్ పడుతుంది. అలా ఎక్కి దిగేది గదిలోని గాలి. నేను చూస్తున్నది గది గ్రాఫు, బీరు గ్రాఫు కాదు. అదీ కాక గంటల తరబడి బల్బు వెలుగుతున్నా అంకె దానికి తగ్గట్టు పెరగలేదంటే, ఆ రెంటికీ సంబంధం తెగిపోయిందని అర్థం. నీ ప్రోగ్రామ్‌లో మొదటి రోజే ఇది రాయి: హీటర్ వేసిన ఇంతసేపట్లో అంకె కదలకపోతే హీటర్ ఆపేసి అలారం మోగించాలి. గ్రాఫులకు రంగులు తర్వాత వేసుకుందువు గాని.

సెన్సార్‌ను ఊరికే వేలాడదియ్యకు. డబ్బా లోపలికి దిగే స్టీలు గొట్టం, థర్మోవెల్ అంటారు, అందులో పెట్టి బయట క్లిప్పుతో బిగించు. అది దొరక్కపోతే డబ్బా పక్కకు, ద్రవం ఉన్న ఎత్తులో అతికించి పైన మందపాటి స్పాంజి కట్టు. ఈస్ట్ జోరు మీద ఉన్నప్పుడు తానే వేడి పుట్టిస్తుంది. గది 20 ఉంటే డబ్బా లోపల 23, 24 ఉండొచ్చు. కాబట్టి గాలిని కొలిస్తే ఏమీ కొలవనట్టే. ఏల్ రకం బీరు ఈస్టుకు 18 నుంచి 20 పెట్టుకో. మొదటి మూడు రోజులే ముఖ్యం, రుచంతా అప్పుడే తేలిపోతుంది.

మామయ్య అప్పుడప్పుడూ జౌల్ సంగతి చెప్పేవాడు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో బీరు తయారు చేసే కుటుంబంలో పుట్టిన శాస్త్రవేత్త. నీళ్ళను తెడ్లతో చిలికితే ఎంత వేడెక్కుతాయో డిగ్రీలో చిన్న చిన్న భాగాల దాకా కొలిచాడు. శక్తిని ఇప్పుడు ఆయన పేరుతోనే కొలుస్తున్నాం. "థర్మామీటరును ఎలా చూడాలో ఆయనకు వాళ్ళ బీరు పీపాలే నేర్పి ఉంటాయి" అనేవాడు మామయ్య. అది ఆయన ఊహే. అలా చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

కరెంటు విషయంలో మాత్రం నన్ను బతిమాలించుకోకు. నీళ్ళు, స్టీలు కుండ, తడి చేతులు, హీటర్ అన్నీ ఒకే చోట ఉంటాయి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ స్విచ్చు లేకుండా హీటర్ ప్లగ్గు పెట్టకు. కుండకు ఎర్త్ వెయ్యి. బోర్డును నేల మీద కాక గోడకు, కుండ కంటే ఎత్తులో బిగించు. ప్రోగ్రామ్ చెప్పినట్టు హీటర్ వేసి ఆపే సాలిడ్ స్టేట్ రిలే చెడిపోతే ఎక్కువగా ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. ప్రోగ్రామ్ "ఆపు" అన్నా హీటర్ ఆగదు. అందుకని వేడి హద్దు మీరితే దానంతట అదే తెగిపోయే థర్మల్ కటాఫ్ ఒకటి, కంప్యూటర్‌తో సంబంధం లేకుండా, విడిగా పెట్టు. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగాక కనీసం అయిదు నిమిషాలు మళ్ళీ వెయ్యకు, మోటారు కాలిపోవచ్చు. వైరింగ్ అయ్యాక తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు చూపించు. నీకు రాదని కాదు. నాకూ వచ్చుననే అనుకున్నాను.

మూసి ఉన్న ఫ్రీజర్‌లో కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుంటుంది. మూత తీసి కాసేపు ఆగు, లోపలికి తల పెట్టకు. గదిలో కిటికీ తెరిచి ఉంచు.

సీసాల్లో నింపడానికి తొందరపడకు. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపించేదాకా ఆగు. 1.010 దగ్గర ఆగుతుందని పుస్తకంలో ఉన్నా నీ బీరు ఎక్కడ ఆగిందన్నదే లెక్క. గ్యాసు కోసం వేసే చక్కెర లీటరుకు ఆరేడు గ్రాములు చాలు, తూచి వెయ్యి. మామయ్య ఎడమ కనుబొమ్మ మీద తెల్లటి గీత ఉండేది, చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని వేలితో తడిమి ఇదేంటని అడిగేవాడివి. "తలుపు తగిలింది" అని చెప్పేవాడు. తలుపు కాదురా. తొందరపడి నింపిన సీసా పేలింది. ఇంకొంచెం కింద తగిలి ఉంటే కన్ను పోయేది. సీసాలను మూత ఉన్న పెట్టెలో పెట్టు, బయటికి తీసేటప్పుడు కళ్ళజోడు పెట్టుకో.

ఇంకా చాలా ఉన్నాయి, ఈస్టును ఎలా దాచుకోవాలి, అడుగున చేరిన మడ్డిని కదపకుండా ఎలా వంచాలి. అవన్నీ చేతిలో పని ఉన్నప్పుడు ఫోన్‌లో చెప్తాను.

రేపు నీకో పార్సిల్ వేస్తున్నాను. మామయ్య గాజు థర్మామీటరు. రోజుకు ఒకసారి దాన్ని శానిటైజర్‌లో ముంచి, డబ్బా లోంచి గ్లాసులోకి కాస్త తీసుకుని చూడు, ఆ గ్లాసు మళ్ళీ డబ్బాలో పొయ్యకు. నీ తెర మీది అంకె పక్కన ఆ అంకె కూడా రాయి. డబ్బా మీద చెయ్యి కూడా పెట్టి చూడు. ఆ థర్మామీటరు ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి ఆయన పెట్టె మూత లోపల పెన్సిల్‌తో రాసి పెట్టాడు. అది చెరపకు.

మొదటిసారి ఈస్ట్ వేసిన రాత్రి ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

నీ అత్తయ్య