మొదటి ఆల్బమ్‌లో ఫంక్ ఎందుకు లేదు?

ఫంక్ (గట్టి లయతో ఊపెక్కించే సంగీతం) కోసం మెడెస్కీ, మార్టిన్ అండ్ వుడ్ అనే ముగ్గురి అమెరికన్ బ్యాండ్ తొలి ఆల్బమ్ పెడితే అంతా పియానో జాజ్‌లా ఉందని, తప్పు బ్యాండ్ పట్టుకున్నానా అని అడిగారు కదండీ. బ్యాండ్ సరైనదే. అప్పటికి మెడెస్కీ వాయించింది మామూలు పియానోయే. తర్వాత వ్యాన్‌లో ఊరూరా తిరుగుతుంటే పియానో మోసుకెళ్లడం కుదరక హామండ్ ఆర్గాన్‌కి (కరెంటుతో పనిచేసే కీబోర్డు వాయిద్యం) మారారు. 1993 నాటి 'ఇట్స్ ఎ జంగిల్ ఇన్ హియర్'లో ఆ మార్పు వినిపిస్తుంది, కానీ అందులో ట్రంపెట్, సాక్సఫోన్ వాళ్లూ ఉన్నారు.

మీరు నేరుగా 1996లో వచ్చిన 'షాక్-మాన్' వినండి. హవాయిలో ఒక పాకలో ముగ్గురే కూర్చుని రికార్డు చేశారు. బిల్లీ మార్టిన్ డ్రమ్స్, క్రిస్ వుడ్ బేస్ ఎక్కడా తొందరపడవు. నాకైతే అది ప్రాణం. అది చెవికి అలవాటయ్యాక మళ్లీ మొదటి ఆల్బమ్ పెట్టి, పియానోని వదిలేసి డ్రమ్స్ మీదే దృష్టి పెట్టండి. మీరు వెతికే ఊపు అక్కడ దొరుకుతుంది.