ధర చెప్పే కోర్సుకు లక్షన్నర ఎందుకు? ముందు ఫోమ్ పొంగడం చూడనివ్వండి

ప్రశ్న: రాయగడలో మాకు పరుపులు, ఫోమ్ షీట్ల కొట్టు ఉంది. అమ్మాయి బరంపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఫోమ్ ఫ్యాక్టరీలో చేరి ఫార్ములేషన్, అంటే ఏ కెమికల్ ఎంత కలపాలో నేర్చుకుంటానంటోంది. అక్కడ వాడే ఐసోసయనేట్ అనే కెమికల్ పేరు వినగానే భోపాల్ గుర్తొచ్చి వాళ్లమ్మకు నిద్ర పట్టడం లేదు. ఆన్‌లైన్‌లో ‘పాలీయురేథేన్ కెమికల్స్ మార్కెట్ అనలిస్ట్’ కోర్సు చూశాం, పాలీయురేథేన్ అంటే ఈ ఫోమే. ఆరు నెలలు, లక్షన్నర ఫీజు, తర్వాత ఇంటి నుంచే పని అంటున్నారు. రేటు తగ్గినప్పుడు టీడీఐ అనే ఐసోసయనేట్ డ్రమ్ములు కొని పెట్టుకుంటే లాభమని వాళ్ల వెబినార్‌లో చెప్పారు. ఆ కోర్సు, ప్లాస్టిక్ చదువుల కేంద్ర సంస్థ సిపెట్ డిప్లొమా, ఎమ్మెస్సీ ఈ మూడింట్లో ఏది మేలు?
— ఒక తండ్రి, రాయగడ

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సు గురించి. అడగలేక అడిగింది మాత్రం, ఆడపిల్లను ఫ్యాక్టరీకి పంపొచ్చా అని. గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, జయపురం నుంచి ఇదే ప్రశ్న వస్తూ ఉంటుంది. ఒకసారి ఫార్మా అంటారు, ఒకసారి సిమెంటు అంటారు, అంతే తేడా. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను.

1984లో భోపాల్‌లో లీకైంది మిథైల్ ఐసోసయనేట్. అది 39 డిగ్రీలకే మరుగుతుంది. పరుపుల ఫోమ్‌లో వాడే టీడీఐ మరిగేది దాదాపు 250 డిగ్రీల దగ్గర. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు. అలాగని టీడీఐ సాధువేమీ కాదు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు పడకపోతే ఆస్తమా వస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందా, ఆ తర్వాత చాలా కొద్ది మోతాదుకే ఆయాసం ఎత్తుకుంటుంది. ఎనిమిది గంటల షిఫ్టుకు అమెరికా నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ సూచించిన పరిమితి 0.001 పీపీఎం, అంటే వంద కోట్ల పాళ్ల గాలిలో ఒక్క పాలు. వాసన తెలిసేసరికే ఆ పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కాబట్టి ఇంటర్వ్యూలో అమ్మాయి మూడు మాటలు అడగాలి. కెమికల్స్ కలిపి పోసే పోరింగ్ లైను దగ్గర గాలిలో టీడీఐ కొలిచే మీటరు ఉందా? చేరే ముందు, ఆ తర్వాత ఏటా ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయిస్తారా? డ్రమ్ము ఒలికితే శుభ్రం చేసేవాళ్లకు బయటి గాలి అందించే మాస్కు ఇస్తారా, లేక మూతికి గుడ్డ కట్టుకోమంటారా? సరైన జవాబు రాని చోట చేరొద్దు. చిన్నప్పటి నుంచి పిల్లికూతలు ఉన్న పిల్లయితే పోరింగ్ వైపు అసలే వద్దు. అప్పుడు కొనుగోళ్ల విభాగమో, తయారైన ఫోమ్‌ను పరీక్షించే ల్యాబో చూసుకోవాలి. వాళ్లమ్మ భయానికి ఇంతకన్నా ఆధారం లేదు.

ఇక ఆ కోర్సు. ఏటా ఇంత శాతం పెరుగుతుంది, ఇన్ని వేల కోట్లకు చేరుతుంది అని రంగురంగుల గ్రాఫులు చూపించే రిపోర్టులకు కొదవలేదు. వాటిని అందంగా తిరగరాయడం నేర్పితే అనలిస్టు అయిపోరు. టీడీఐ ధర ఎందుకు కదులుతుందో తెలియాలంటే అది ఎలా తయారవుతుందో తెలియాలి. టోలుయీన్‌ను నైట్రేషన్ చేసి, దాన్ని డయమీన్‌గా మార్చి, ఫాస్జీన్‌తో కలిపితే టీడీఐ వస్తుంది. ఫాస్జీన్‌కు క్లోరిన్ కావాలి, క్లోరిన్‌కు కరెంటు కావాలి. 2025 జూలై 12న జర్మనీలోని డోర్మాగన్‌లో ఒక విద్యుత్ సబ్‌స్టేషన్ కాలింది. క్లోరిన్ ఆగింది, దాంతో అక్కడి కోవెస్ట్రో కంపెనీ టీడీఐ సరఫరా చేయలేమని ప్రకటించింది. అంతకు ముందు 2023లో మరో జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్ లుడ్విగ్‌షాఫెన్‌లో ఏటా 3 లక్షల టన్నుల టీడీఐ ప్లాంటును మూసేస్తున్నట్టు చెప్పింది. ప్రపంచంలో ఈ సరుకు చేసేవాళ్లు కొద్దిమందే. ఒకరు తుమ్మితే అందరికీ జలుబు. మన దేశంలో టీడీఐ తయారయ్యేది గుజరాత్‌లోని జీఎన్ఎఫ్‌సీ కంపెనీలోనే. అందులో దహేజ్ ప్లాంటు సామర్థ్యం ఏటా 50 వేల టన్నులు. ఫోమ్‌కు టీడీఐతో కలిపే రెండో ద్రవం పాలియోల్. అది చెన్నై మనలిలోనూ తయారవుతుంది, ఓడల్లోనూ వస్తుంది. ఫ్రిజ్‌లకు, కోల్డ్ స్టోరేజ్ ప్యానెళ్లకు పోసే గట్టి ఫోమ్‌లోని ఎండీఐ అనే మరో ఐసోసయనేట్‌కు మనం ప్రధానంగా దిగుమతుల మీదే ఆధారపడ్డాం.

ఇప్పుడు మీ కొట్టు లెక్కే తీసుకుందాం. మామూలు మెత్తటి ఫోమ్‌కు పాలియోల్ 100 కిలోలు, నీళ్లు 4 కిలోలు అనుకోండి. హైడ్రాక్సిల్ నంబరు (టీడీఐతో కలిసే గుణం ఎంతుందో చెప్పే అంకె) 56 ఉన్న పాలియోల్‌కు, ఆ నీళ్లకు కలిపి, ఇండెక్స్ 110 మీద, అంటే లెక్కకు సరిపోయే దానికన్నా పది శాతం ఎక్కువ వేస్తే, టీడీఐ 52 కిలోల దాకా పడుతుంది. నీళ్లు టీడీఐతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతాయి, ఫోమ్‌ను పొంగించేది అదే. దాదాపు 10 కిలోలు గ్యాస్‌గా పోయి 146 కిలోల ఫోమ్ మిగులుతుంది, డెన్సిటీ (ఘనపు మీటరుకు కిలోలు) 24 దరిదాపుల్లో. టీడీఐ కిలోకు 50 రూపాయలు పెరిగిందంటే 2,600 రూపాయల భారం, అంటే ఫోమ్ కిలోకు 18 రూపాయలు. 72 అంగుళాలు, 60 అంగుళాలు, 6 అంగుళాల మందం పరుపులో ఫోమ్ సుమారు 10 కిలోలు. పరుపు మీద 180 రూపాయలు. మీ డీలరు అదే సాకుతో 500 పెంచాడనుకోండి, మిగతా 320 ఎక్కడిదని అడగగలగడమే మార్కెట్ అనాలిసిస్. ఈ లెక్కకు కావలసింది బీఎస్సీ కెమిస్ట్రీ, ఒక కాగితం. లక్షన్నర కాదు.

డ్రమ్ముల మాటకు మాత్రం కోపం వచ్చింది. కొట్టు వెనక గదిలో, పరుపుల పక్కన, 250 కిలోల టీడీఐ డ్రమ్ములు పెట్టుకోమని చెప్పినవాడు డ్రమ్ము మొహం చూసి ఉండడు. మీరైనా అడగొద్దా? మూత సందులోంచి తేమ పోతే లోపల గ్యాస్ పుట్టి డ్రమ్ము ఉబ్బుతుంది, బిగించి ఉంటే పగులుతుంది. 14 డిగ్రీల దగ్గర టీడీఐ గడ్డకడుతుంది. సునాబెడ, కోరాపుట్ వైపు జనవరి రాత్రి చాలు. గడ్డకట్టేటప్పుడు దాంట్లోని రెండు రకాలు వేరుపడతాయి కనుక మొత్తం కరిగించి బాగా కలపకుండా పైపైన తీసి వాడితే ఫోమ్ తేడాగా వస్తుంది. స్టవ్ మీద పెట్టి కరిగించబోయారంటే అసలుకే మోసం. అమ్మాయి ఫ్యాక్టరీకి వెళ్తే ప్రమాదమని భయపడే ఇంట్లో డ్రమ్ము తెచ్చి పెట్టుకునే ఆలోచన ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

ఇక మీరడిగిన పోలిక. సిపెట్ భువనేశ్వర్‌లో బీఎస్సీ తర్వాత రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. మెషీన్ల మీద చేయి తిరుగుతుంది, ఉద్యోగానికి పనికొస్తుంది. కాకపోతే అక్కడ ఎక్కువ భాగం ఇంజెక్షన్ మోల్డింగ్, ఎక్స్‌ట్రూజన్ లాంటి కరిగే ప్లాస్టిక్కులదే, పాలీయురేథేన్‌కు చోటు తక్కువ. ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయితే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మీకు ఒక్క రైలు దూరం. అది ల్యాబ్ ఉద్యోగానికి దారి, కానీ ప్లాంటు వాసన తగలదు. అమ్మాయి ఇష్టం ఫార్ములేషన్ అంటున్నారు కాబట్టి ఎమ్మెస్సీ వైపే నా మొగ్గు. వేసవిలో ఒక ఫోమ్ ప్లాంటులో రెండు నెలలు తప్పనిసరి. ప్రవేశ పరీక్షల సంగతి ఆమెకే తెలుసు.

ఆ రెండు నెలల్లో ఏం చూడాలో చెబుతాను. 100 పాళ్ల పాలియోల్‌కు చర్యను వేగవంతం చేసే టిన్ ఆక్టోయేట్ 0.2 పాళ్లు వేసే చోట కొంచెం తగ్గితే ఫోమ్ బ్లాకు నిలువునా చీలుతుంది. కొంచెం ఎక్కువైతే ఫోమ్ లోపలి గాలి గదులు మూసుకుపోయి, చల్లారాక బ్లాకు ముడుచుకుంటుంది. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో టిన్ ఆక్టోయేట్ బలం తగ్గిపోతుంది, బరంపురం లాంటి తేమగాలి ఊళ్లో ఇంకా తొందరగా. నీళ్లు 5 పాళ్లకు పోతే బ్లాకు నడుమ వేడి 170 డిగ్రీలు దాటి గోధుమ రంగు తిరుగుతుంది, అంటుకున్నా అంటుకుంటుంది. అందుకే కొత్త బ్లాకులను ఎడం ఎడంగా పెట్టి మర్నాటి దాకా కాపలా కాస్తారు. ఇవి కళ్లతో చూసినవాళ్లు కొన్నేళ్లకు పాలియోల్ కంపెనీల్లో, కొనేవాళ్ల ప్లాంట్లకు వెళ్లి సాయపడే టెక్నికల్ సర్వీసులోకి, అక్కణ్ణుంచి కొనుగోళ్లలోకి, మార్కెట్‌లోకి వెళ్తారు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన మీ సరిహద్దు పిల్లలకు ఆ టెక్నికల్ సర్వీసులో మంచి గిరాకీ. కటక్ ప్లాంటులో ఒక భాష, విశాఖలో ఒకటి, రాయ్‌పూర్‌లో మరొకటి కదా.

ఇంకో నిజం కూడా వినండి. ఫోమ్ అంటే గాలి. 40 ఘనపు మీటర్ల లారీ నిండా ఎక్కించినా ఈ డెన్సిటీలో టన్ను కూడా తూగదు. అందుకే ఫోమ్ ప్లాంట్లు అమ్ముడుపోయే ఊళ్లకు దగ్గర్లోనే ఉంటాయి, కెమికల్ ప్లాంట్లు మాత్రం ఎక్కువగా భరూచ్, దహేజ్ వైపు. ఏదో ఒకనాడు అమ్మాయి గుజరాత్ వెళ్తానంటుంది. వెళ్లనివ్వండి. హాస్టల్ ఎక్కడో, నైట్ షిఫ్టుకు కంపెనీ బండి వస్తుందో లేదో ముందే కనుక్కుంటే చాలు. పెళ్లి సంబంధం ఆగిపోతుందేమో అన్న మాట మీరు రాయలేదు గానీ వరుసల మధ్య కనిపించింది. ఫార్ములేషన్ కెమిస్టును వద్దన్న సంబంధం పోతే పోనివ్వండి.

పరీక్షలయ్యాక ఇంటికి వచ్చినప్పుడు కొట్టులో ప్రతి రకం షీటు నుంచి పది సెంటీమీటర్ల ఘనం కచ్చితంగా కోయించి, నగలు తూచే కాటా మీద పెట్టమనండి. 24 గ్రాములు తూగితే డెన్సిటీ 24. బిల్లు మీద 32 అని ఉంటే డీలరుకు ఫోన్ చేయండి. బరువు సరిగ్గా ఉండి ఫోమ్ తొందరగా కుంగుతుంటే సుద్దపొడి కలిపారేమోనని అనుమానించాలి. టీడీఐ రేటు ఎగబాకినప్పుడల్లా ఈ బాపతు సరుకు పెరుగుతుంది. కాల్చి బూడిద తూచే పరీక్ష కాలేజీ ల్యాబ్‌లో, ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి. ఇంటి పెరట్లో వద్దు, ఆ పొగలో సైనైడ్ ఉంటుంది.