బెల్టు ఆనే చోట నొప్పి

ఎముకల డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. నాకు 49 ఏళ్లు. కోఠీలో చీరల కొట్టులో సేల్స్‌మన్‌ని, రోజుకు పది గంటలు నిలబడే పని. పన్నెండేళ్ల కిందట ఎల్బీనగర్ దగ్గర బండి మీంచి పడి ఎడమ చీలమండ విరిగింది. ఇప్పుడు కీలు పూర్తిగా అరిగిపోయింది, ఎముకలు రెండూ అతికించేయాలి అంటున్నారు. తుంటి నుంచి ఎముక తీసి పెట్టే బదులు ఏదో తెల్ల పొడి పెట్టి చూసే స్టడీ ఉందట, చేరతారా అని అడిగారు. ‘మిమ్మల్ని ఎలుకని చేస్తారా ఏంటి’ అని మా ఆవిడ ఒకటే టెన్షన్. సుగర్ లేదు. సిగరెట్లు చాయ్‌తో పాటు రోజుకి ఐదారు. చేరమంటారా? తర్వాత బండి నడపగలనా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ముందు మీ ఆవిడగారి సంగతి. ఆవిడ అడిగింది తప్పేం కాదు. కానీ ఎలుకలు, కుక్కల దశ దాటాకే ఇలాంటివి మనిషి దాకా వస్తాయి. జంతువుల దగ్గరే ఆగిపోయి మనుషులకి తీర్పు చెబితే ఏమవుతుందో మన ఊరికి అనుభవమే. 1888, 1889ల్లో హైదరాబాద్‌లో, ఆపరేషన్లలో మత్తుకి వాడే క్లోరోఫాం ప్రాణానికి ప్రమాదమా అని తేల్చడానికి క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి, రెండోదానికి నిజాం డబ్బిచ్చాడు. ఎక్కువగా కుక్కల మీద చూసి, ముందు ఆగేది ఊపిరే, గుండెకి భయం లేదు అని తేల్చారు. ఆ మాట నిలవలేదు. క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని తర్వాత తెలిసింది. అందుకే మనుషుల్లోనే, పాత పద్ధతితో పోల్చి చూడాలి.

ఇక తుంటి ఎముక. మీ నడుముకి పక్కగా, బెల్టు ఆనే చోట చేతికి తగిలే ఎముక అంచు ఉంటుంది చూడండి, తీసేది అక్కణ్నించే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను ఉలి, సుత్తి పెట్టి తీసినవాణ్నే. ఆ ఎముక చాలా మంచిది, అనుమానం లేదు. కానీ ఒక ఆర్టీసీ డ్రైవరు పదో రోజున కుట్లకి వచ్చి, ‘కాలు బానే ఉంది సార్, మీరు దొంగతనం చేసిన చోటే పీకేస్తోంది’ అన్నాడు. ఆర్నెల్ల తర్వాత కూడా బెల్టు వదులుగా పెట్టుకునే వచ్చేవాడు. అందరికీ అలా ఉండదు. కొందరికి మాత్రం నెలల తరబడి ఉంటుంది, కొందరికి తొడ పక్కన తిమ్మిరి మిగిలిపోతుంది.

ఎముక అతకడం సొరపాదు పెంచడం లాంటిది. విత్తనం కావాలి, నీళ్లు కావాలి, పాకడానికి పందిరి కావాలి. తుంటి ఎముకలో మూడూ ఉన్నాయి. మీరన్న తెల్ల పొడి బహుశా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే కాల్షియం ఉప్పు పలుకులు. ఒట్టి పలుకులైతే పందిరి మాత్రమే. బొంబాయి రవ్వ కంటే కాస్త పెద్దవి, తెల్లగా ఉంటాయి. ఎముక వాటి మీదుగా పాకుతుంది, తర్వాత నెమ్మదిగా అవే కరిగిపోతాయి. నీళ్ల పని చేయడానికి వాటిని ఒక ప్రొటీన్ మందులో నానబెడతారు. గాయమైన చోట మన ప్లేట్‌లెట్లు వదిలే పదార్థమే అది, కాకపోతే ఫ్యాక్టరీలో తయారైనది. విత్తనం మీ ఎముకే ఇచ్చుకోవాలి.

దీన్ని అమెరికా, కెనడాల్లో 37 కేంద్రాల్లో పరీక్షించారు. చీలమండ, మడమ వెనక కీళ్లు అతికించాల్సిన 397 మందిలో 260 మందికి ఈ పలుకులు, 137 మందికి సొంత ఎముక పెట్టారు. 24 వారాలకి సీటీ స్కాన్‌లో అతికినవి పలుకుల వాళ్లలో 61.2 శాతం, సొంత ఎముక వాళ్లలో 62 శాతం. ‘నూటికి నలభై మందికి అతకలేదా’ అని కంగారు పడకండి. కీలు ఉపరితలంలో కనీసం సగం మేర ఎముక వంతెన కట్టి కనిపిస్తేనే లెక్క వేశారు, పైగా ఆర్నెల్లు కూడా నిండని సమయం. ఏడాదికి నడక, నొప్పి అన్నీ చూసి నయమైందన్నవాళ్లు అదే వరసలో 86.2, 87.6 శాతం. 2015లో అమెరికా అనుమతిచ్చింది. గమనించారా, పొడి మీ ఎముకని మించిందని ఎవరూ అనలేదు. దానికంటే తీసిపోలేదు, తుంటి జోలికి వెళ్లలేదు, అంతే. మీకు తప్పేది ఆ తుంటి నొప్పే. మీ దగ్గర పెట్టే పొడి ఇదేనో, వేరేదో అడగండి. వేరేదైతే ఈ లెక్కలు దానికి వర్తించవు.

సీటీ అని పట్టుబట్టడానికి నా సొంత కారణం ఒకటుంది. ఇలాంటి పలుకులే పెట్టిన ఒకావిడకి మూడో నెలలో ఎక్స్‌రే తీస్తే కీలంతా తెల్లగా నిండిపోయి కనిపించింది. అతికిందనుకుని కట్టు విప్పేశాను. ఆ తెలుపు ఎముకది కాదు, పలుకులది! ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపిస్తాయని తెలిసి కూడా తొందరపడ్డాను. మలక్‌పేటలో ఫుట్‌పాత్ దిగుతుంటే లోపల టిక్కుమందట, స్క్రూ విరిగింది. మళ్లీ కోయాల్సి వచ్చింది. కాబట్టి మీ స్టడీలో అతికిందో లేదో చూసేది సీటీతోనా, చూసేవాళ్లకి మీకేం పెట్టారో తెలియకుండా ఉంచుతారా, ఈ రెండూ అడగండి.

ఎవరికి ఏది పెట్టాలన్నది సాధారణంగా కంప్యూటర్ చీటీ తేలుస్తుంది, మీ ఇష్టం గాని డాక్టరు ఇష్టం గాని ఉండదు. సమ్మతి పత్రం తెలుగులో తీసుకుని ఇంటికి తెచ్చుకోండి, మీ ఆవిడ చేత చదివించండి. స్టడీలో రోగులకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అందులో ఉంటుంది. స్టడీ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం చట్టంలోనే ఉన్నాయి. అతక్కపోతే రెండో ఆపరేషన్ ఖర్చు ఎవరిదో మాత్రం ముందే కాగితం మీద చూసుకోండి. ఎప్పుడు వద్దనుకున్నా బయటికి రావచ్చు, దానికి సంజాయిషీ చెప్పక్కర్లేదు.

నేనైతే చేరతాను. కానీ ముందు ఆ చాయ్ పక్కన సిగరెట్ పారేసి చేరతాను. పొడి పెట్టాలా ఎముక పెట్టాలా అని మీరు, నేను ఇంత మాట్లాడుకున్నాం గానీ, పొగ తాగేవాళ్లలో కీలు అతక్కపోయే ప్రమాదం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఏ పొడీ దాన్ని సరిదిద్దలేదు. రోజుకి ఐదే కదా అని నాకు చెప్పొద్దు. ఆపరేషన్‌కి కనీసం నెల ముందు మానేసి, అతికిందని సీటీ చెప్పేదాకా ముట్టుకోకండి. విటమిన్ డి కూడా చూపించుకోండి.

బండి అంటారా, గేర్లది కష్టం. ఎడమ పాదంతో గేరు పైకెత్తాలంటే చీలమండ ఆడాలి, మీదిక ఆడదు. గేర్లు లేని స్కూటరు హాయిగా నడుపుకోవచ్చు, అదీ మూడు నాలుగు నెలలయ్యాక. బాసింపట్టు వేసుకోగలరు, గొంతుకూర్చోవడం కష్టం. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే ఇప్పుడే పెట్టించండి.

ప్రశ్న: మా అత్తగారికి పాదంలో కీళ్లు అతికించాలట. ఆవిడ పూర్తి శాకాహారి. పెట్టే పొడి ఆవు ఎముకదైతే ఆపరేషనే వద్దంటున్నారు.
— ఒక కోడలు, కాచిగూడ

జవాబు: అడగాల్సిన ప్రశ్నే. పశువుల ఎముక నుంచి చేసినవి ఉన్నాయి, దానం చేసిన మనుషుల ఎముకా ఉంది, పూర్తిగా రసాయనాలతో చేసినవీ ఉన్నాయి. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ పలుకులు మూడో రకం. కానీ పేస్టులా సిరంజితో పెట్టే కొన్నింటిలో పశువుల నుంచి తీసిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ కలుపుతారు, పలుకులు సింథటిక్ అయినా సరే. డబ్బా మీద లేబుల్ చూపించమని వారం ముందే సర్జన్‌ని అడగండి. మత్తిచ్చే రోజు పొద్దున అడిగితే వెతికి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.