పర్యావరణం మీద కళ: పోర్ట్‌ఫోలియోలో ఏం ఉండాలి?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) మూడో ఏడు. ఇకపై పర్యావరణం మీదే పనిచేస్తానంటోంది. ఖాళీ నీళ్ల సీసాలతో పెద్ద తాబేలు చేసింది. ఎంఎఫ్‌ఏ (పీజీ) ప్రవేశానికి చూపించే పోర్ట్‌ఫోలియోలో, అంటే తన పనుల సంకలనంలో, అది పనికొస్తుందా? తర్వాత బతుకుతెరువు ఉంటుందా? - ఒక తండ్రి

జవాబు: దారి మంచిదేనండీ, తాబేలుతోనే చిక్కు. సీసాలను హాట్‌గ్లూతో అతికించి పైన ఎనామిల్ రంగు కొడితే, ప్రదర్శన అయ్యాక పాత సామాన్లవాళ్లు కూడా తీసుకోరు. విడిగా ఉంటే రీసైకిల్ అయ్యే సీసా అలా చెత్తకుప్పకు చేరుతుంది. రంగు వేయకుండా, తీగతో కట్టి, మళ్లీ విప్పగలిగేలా చేయమనండి.

అమెరికా కళాకారుడు మెల్ చిన్ 1991లో మినసోటాలోని ఒక చెత్త దిబ్బ మీద, శాస్త్రవేత్త రూఫస్ చేనీతో కలిసి, మట్టిలోని కాడ్మియం, జింకు పీల్చుకునే మొక్కలు నాటాడు. మొక్కల్లోకి ఎంత లోహం చేరిందో కొలవడం కూడా ఆ కళాకృతిలో భాగమే. పర్యావరణ కళలో నేను గట్టిగా నమ్మేది ఈ పద్ధతినే.

నాలుగో ఏడు ప్రాజెక్టుకి దగ్గర్లోని ఒక చెరువును, అందులోని గుర్రపుడెక్కను తీసుకుని, దాని కాడలతో కాగితం చేయమనండి. ముందు మున్సిపాలిటీ లేదా నీటిపారుదల శాఖ అనుమతి కావాలి. గుర్రపుడెక్కలో 90 శాతానికి పైగా నీరే, కాబట్టి 10 కిలోల పచ్చి కాడలు ఎండితే కిలో కూడా మిగలవు. అరకిలో ఎండు కాడలకు సుమారు 100 గ్రాముల సోడా యాష్ (బట్టల సోడా, ఇది క్షారం) వేసి, స్టీలు గిన్నెలో రెండు మూడు గంటలు ఉడికించాలి. అల్యూమినియం గిన్నెను క్షారం తినేస్తుంది. తర్వాత బాగా కడిగి, దంచి, జల్లెడ మీద కాగితం తీయాలి. గుర్రపుడెక్క ఒక్కదానితోనే చేస్తే కాగితం ముడుచుకుపోయి పెళుసవుతుంది. నానబెట్టి దంచిన పాత నూలుగుడ్డ కలిపి, బరువు కింద ఆరబెట్టాలి.

మురుగు చేరే చెరువైతే కాడ్మియం లాంటి భార లోహాలు ఎక్కువగా మొక్క వేళ్లలోనే ఉంటాయి. చేతి తొడుగులు వేసుకుని, వేళ్లు కోసి వేరుగా ఉంచాలి. ఉడికించిన క్షారపు నీళ్లను చెరువులో పోయకూడదు. మొక్కను ఆటోలో తీసుకెళ్లేటప్పుడు మూట గట్టిగా కట్టాలి, ఎందుకంటే విరిగిన ముక్క ఇంకో చెరువులో పడినా అల్లుకుపోతుంది.

ఎంఎఫ్‌ఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరోడా, శాంతినికేతన్ చూడండి. ఢిల్లీలోని ఖోజ్ లాంటి కళా సంస్థల రెసిడెన్సీలకూ (కొంతకాలం అక్కడ ఉండి పనిచేసే అవకాశాలకు) దరఖాస్తు చేయొచ్చు. కళాకృతులు అమ్మి బతకడం మొదటి కొన్నేళ్లు కష్టమే, ఆ మాట దాచను. మ్యూజియం ఎగ్జిబిషన్ డిజైన్, స్కూళ్లలో ఆర్ట్ టీచింగ్, స్వచ్ఛంద సంస్థల ప్రచార పనులు ఆ లోటు పూడుస్తాయి. వీటన్నిటికీ పనికొచ్చే లాగ్‌బుక్ ఒకటి ఈ రోజు నుంచే మొదలుపెట్టించండి: ఏ సరుకు ఎక్కడిది, ఎన్ని కిలోలు, ఎన్ని లీటర్ల నీళ్లు వాడింది, ప్రదర్శన తర్వాత అది ఎక్కడికి చేరింది. పక్కనే తేదీ వేసిన ఫొటోలు ఉండాలి.