ఆశా పనిలో చేరిన చెల్లెలికి

చెల్లీ,

ఆశా పనిలో చేరావని విని సంతోషించాను. గర్భిణుల నమోదు, టీకాలు, బీపీ మాత్రలు ఇవన్నీ నీకు శిక్షణలో చెబుతారు. ఏఎన్ఎంగా చేసి రిటైరైన దాన్ని కాబట్టి ఇంకో సంగతి రాయాలనిపించింది. పత్తి పండే ఊళ్లలో ఇంటింటికీ తిరిగేదానివి. చచ్చిపోవాలనుకుంటున్న మనిషి డాక్టరు కంటే ముందు నీకే కనిపిస్తాడు.

అలాంటివాళ్లు బయటపడరని అనుకోకు. "నేనుండి ఏం లాభం", "ఇంక ఎవరికీ భారంగా ఉండను", "పిల్లల్ని కాస్త చూసుకోండి" అంటారు. రోజూ వినే మాటలే కాబట్టి మనం పట్టించుకోం. ఒకసారి బీపీ చూపించుకుంటూ ఒకామె నాతో అంది: "మా ఆయన వారం నుంచి సరిగ్గా తినట్లేదక్కా. నిన్న పెద్దోణ్ని కూర్చోబెట్టి పట్టా పాసుబుక్కు ఎక్కడుందో, ఎవరికెంత ఇవ్వాలో అన్నీ చెప్పాడు." వాళ్ల అప్పు ఏళ్లనాటిది. లెక్కలన్నీ కొడుక్కి అప్పజెప్పడం మాత్రం కొత్త.

ఆ సాయంత్రమే వెళ్లి, ఆయన పక్కన మంచం మీద కూర్చుని అడిగాను: "అన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" చాలాసేపు మాట్లాడలేదు. తువ్వాలు చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు. తర్వాత "అనిపిస్తోందమ్మా" అన్నాడు. ఇక అక్కణ్నుంచి అప్పుల సంగతంతా ఆయనే చెప్పుకొచ్చాడు.

ఇలా సూటిగా అడగమంటే అందరికీ టెన్షనే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. అలా జరగదని పరిశోధనల్లోనూ తేలింది. ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతున్న మనిషికి ఆ ప్రశ్నతో ఊపిరాడుతుంది. "పిచ్చి పనులేమీ చేయవు కదా?" అని మాత్రం అడగొద్దు. దానికి "చేయను" తప్ప వేరే జవాబు రాదు.

చెప్పడం మొదలుపెట్టాక విను. "అప్పులు ఎవరికి లేవు", "పిల్లల ముఖం చూడు" అని మంచి మనసుతోనే అంటాం గానీ, ఎదుటి మనిషి అక్కడితో నోరు మూసుకుంటాడు. అంతా విన్నాక ఇంకొకటి కూడా అడగాలి: ఎలా చేయాలనుకున్నాడు, ఎప్పుడు, అందుకు కావలసింది ఇంట్లో ఉందా. ఉందని తెలిస్తే దాన్ని అక్కణ్నుంచి తీయించు. ఆ రాత్రి ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు.

పురుగుమందు డబ్బాల గురించి మరీ మరీ చెబుతున్నాను. చావాలనే ఉధృతి చాలామందిలో ఎక్కువసేపు నిలవదు. ఆ కాస్త సమయం చేతికి ఏమీ అందకపోతే మనిషి దక్కుతాడు. "చావాలనుకున్నోడు ఇంకో దారి వెతుక్కుంటాడులే" అనేవాళ్లకు శ్రీలంక సంగతి చెప్పు. అక్కడ అతి ప్రమాదకరమైన పురుగుమందుల్ని వరసగా నిషేధించారు. 1995 నుంచి 2015 లోపు ఆత్మహత్యలు 70 శాతం దాకా తగ్గాయి. నిషేధాలు మన చేతిలో లేవు గానీ మిగిలిపోయిన మందు ఇంట్లో లేకుండా చూడటం మన చేతిలో పనే. ఆ అన్న ఇంట్లో డబ్బాలు ఆ రాత్రే బావమరిది ఇంటికి చేర్పించి తాళం వేయించాం. తాళంచెవి కూడా బావమరిది దగ్గరే పెట్టించాం.

ఎవరైనా మందు తాగేశారని తెలిస్తే వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పోసి కక్కించనివ్వొద్దు. మనిషి బాగానే కనిపిస్తున్నా ఆగొద్దు. డబ్బా కూడా ఆసుపత్రికి పంపించు, ఏ మందో డాక్టరుకు తెలియాలి. కేసవుతుందని దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం అందేలా చూడటం ప్రభుత్వం బాధ్యత. వాళ్లకు ఇది ధైర్యంగా చెప్పు.

"ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటారు. వేయకు. "నీ పరువు తీసే మాట ఎవరితోనూ అనను, కానీ నీ ప్రాణం కోసం సాయం పిలుస్తా" అను. మనసు బాగోలేనివాళ్లతో ఫోన్లో మాట్లాడి సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్. దాని నంబరు 14416, 2022 అక్టోబరులో మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. నంబరు రాసిచ్చి వచ్చేయకు. పక్కన కూర్చుని నీ ఫోన్ నుంచే చేసి, స్పీకర్ పెట్టి, నాలుగు మాటలయ్యాక ఫోన్ వాళ్ల చేతికివ్వు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవాల్సి వస్తే మొదటిసారి తోడుగా ఎవరో ఒకర్ని పంపు.

ఇంటర్ ఫలితాల రోజు ఫెయిలైన పిల్లల ఇళ్లకు ముందు వెళ్లు. సప్లిమెంటరీ సంగతి తర్వాత, ముందు ఆ పిల్లను తిట్టకుండా చూడు.

చావబోయి బతికినవాళ్లకు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తర్వాతి వారాలే ఎక్కువ ప్రమాదం. గండం గడిచిందని చుట్టాలంతా వెళ్లిపోతారు. అప్పుడే నువ్వు తరచుగా వెళ్లాలి. ఎవరైనా పోయిన ఇంట్లో మాత్రం "ఎందుకు చేశాడు?" అని అడగకు. ఫోటోలు వాట్సాప్‌లో తిప్పేవాళ్లని గట్టిగానే ఆపు.

ఇవన్నీ విన్న రోజు నీకు నిద్ర పట్టదు. పేర్లు చెప్పకుండా మీ ఏఎన్ఎంతోనో నాతోనో మాట్లాడు, ఎంత రాత్రయినా సరే.

మీ మహిళా సంఘం మీటింగు ఏ రోజో చెప్పు, నేనూ వస్తాను. ఒకరు బాధలో ఉన్న మనిషిలా, ఒకరు అడిగే మనిషిలా కూర్చుని ఆ ప్రశ్న ఎలా అడగాలో అందరి చేతా చేయిద్దాం. ఒకసారి నోటితో పలికితేనే అసలు సమయానికి ఆ మాట గొంతులో ఆగకుండా వస్తుంది.

ప్రేమతో
అక్క