పాత జీపు మీద క్యారియర్ సొంతంగా చేయించుకోవచ్చా? చేయించుకోండి, రూఫుకు మాత్రం చిల్లు పెట్టనివ్వకండి

మీ ప్రశ్న ఇదీ: నాన్నగారి పాత మహీంద్రా హార్డ్‌టాప్ (రేకు టాపు) జీపు ఉంది, కొలతకు సరిపోయే రెడీమేడ్ క్యారియర్ దొరకడం లేదు, వెల్డింగ్ షాపులో చేయిస్తే బరువు ఆగుతుందా, ఎంత వేయొచ్చు?

ఆగుతుంది. నా ఆర్మడా మీద ఉన్నది అలా చేయించిందే. ఆర్మడా అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు లెండి. 1993లో వచ్చింది, ప్యూజో డీజిల్ ఇంజిను, బొలేరోకు ముందు తరం. చుట్టూ రేకు బాడీ, రూఫుకు రెండు పక్కలా వాన నీళ్లు జారే అంచు. మెకానిక్కులు దాన్ని గట్టర్ అంటారు. మీ బండికి కూడా ఆ అంచు ఉంటే సగం పని అయిపోయినట్టే.

అందరూ పైపు ఎంత లావుది వేయాలి అని అడుగుతారు. క్యారియర్ కాళ్లు బండి మీద ఎక్కడ ఆనాలి అని ఎవరూ అడగరు. నన్నడిగితే నూటికి తొంభై క్యారియర్లు చెడేది కాళ్ల దగ్గరే.

నాది విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను. లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య చిన్న వెల్డింగ్ షాపు. ఫ్రేము అయిపోయింది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అడుగుకో అడ్డ పైపు, పైన అయిదంగుళాల ఎత్తులో చుట్టూ ఇంకో వరస. చూడటానికి బాగానే ఉంది. ఇక బండి మీదకు ఎక్కించాలి. షాపు కుర్రాడు డ్రిల్లు మిషను పట్టుకుని బానెట్ మీదకు ఎక్కేశాడు. రూఫుకు ఎనిమిది చిల్లులు పెట్టి, బోల్టులు వేసి, సిలికాన్ రాస్తాడట. నీళ్లు కారవా అంటే "గ్యారంటీ సార్" అన్నాడు. ఆటోనగర్‌లో అన్నిటికంటే చవగ్గా దొరికేది ఈ గ్యారంటీయే.

పక్క షెడ్డులో టింకరింగ్ (బాడీ రేకు పని) చేసే ముసలి మేస్త్రి టీ తాగుతూ ఇదంతా చూస్తున్నాడు. గ్లాసు కింద పెట్టి వచ్చాడు. ఏం మాట్లాడకుండా రూఫు మధ్యలో బొటనవేలితో నొక్కాడు. రేకు టక్కున లోపలికి పోయి, వేలు తీయగానే మళ్లీ పైకొచ్చింది. "చూశావా బాబూ, ఇది ఎండా వానా ఆపడానికి వేసిన రేకు. దీని మీద బస్తాలు పెడతావా?" అన్నాడు. తర్వాత గట్టర్ వెంబడి వేలు రాసుకుంటూ వెళ్లి వెనక తలుపు పైన ఆగాడు. పెయింటు కాస్త ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో గోకితే పెయింటు పెచ్చు ఊడి, గోధుమ రంగు పొడి జలజలా రాలింది. అక్కడ కాలు పెట్టి ఉంటే ఏదో ఒక ఘాట్‌లో అంచుతో సహా ఊడి వచ్చేది.

గట్టర్ దగ్గర రూఫు రేకు, పక్క రేకు కలిసి స్పాట్ వెల్డింగ్‌తో అతుక్కుని ఉంటాయని, దాని కింద తలుపుల మధ్య స్తంభాలు ఉంటాయని, బరువు మోసేది అవేనని ఆయనే చెప్పాడు. కాబట్టి కాళ్లు సరిగ్గా ఆ స్తంభాల పైనే రావాలి. పక్కకు మూడేసి చొప్పున ఆరు. తుప్పు పట్టిన చోట గోకించి, కొత్త రేకు ముక్క అతికించి, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ పూత కొట్టించాకే కాలు నిలబెట్టనిచ్చాడు. కాలి కింద మందపాటి పట్టీ వంచి చేసిన క్లాంపు, క్లాంపుకూ గట్టర్‌కూ మధ్య పాత లారీ ట్యూబు కోసి పెట్టిన రబ్బరు ముక్క. రబ్బరు లేకపోతే ఇనుము ఇనుముకు రాసుకుని పెయింటు పోతుంది, మళ్లీ తుప్పు మొదలవుతుంది. ఎనిమిది ఎంఎం బోల్టులు, వాటికి లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు. మామూలు నట్లయితే డీజిల్ బండి అదురుకు వదులైపోతాయి.

చివర్లో నన్ను పిలిచి క్యారియర్ పట్టుకుని ఊపమన్నాడు. బండి మొత్తం స్ప్రింగుల మీద ఊగింది, క్యారియర్ విడిగా కదల్లేదు. దీన్ని మించిన టెస్టు నేను ఎక్కడా చూడలేదు. మీరూ ఇదే చేయండి. క్యారియర్ ఒక్కటీ కదిలి టకటకమంటే షాపులోంచి బండి తీయకండి. నా దగ్గర డబ్బులు తీసుకున్నది వెల్డింగ్ అతను, చదువు చెప్పింది పక్క షెడ్డాయన. ఆయన టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

పైపు సంగతి. ఒక అంగుళం చదరపు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు, పదహారు గేజు. చాలు. గేజు నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుంది. పద్దెనిమిది గేజు పల్చన, వెల్డింగ్ పెట్టేటప్పుడే చిల్లులు పడుతుంది. వెల్డింగ్ రాడ్డు కూడా రెండున్నర ఎంఎందే వాడమనండి. లావు రాడ్డుతో తొందరగా కానిచ్చేస్తే అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పైపు కాలిపోయి ఉంటుంది. ఇక్కడో మోసం ఉంది. పదహారు గేజు అడిగితే పద్దెనిమిది చేతిలో పెడతారు, కంటికి తేడా తెలియదు. నేను కొన్న కొట్లో అదే జరగబోయింది. అందుకే తూకం వేయించండి. ఇరవై అడుగుల పైపు పదహారు గేజయితే ఏడు కిలోల చుట్టుపక్కల తూగాలి. అయిదున్నర తూగిందంటే అది పద్దెనిమిది. తూకం అనగానే కొట్టు యజమాని మొహం మాడుతుంది. మాడనివ్వండి. జీఐ పైపు వేస్తే తుప్పు పట్టదని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దాని మీద జింకు పూత ఉంటుంది, గ్రైండర్‌తో గీకేయకుండా వెల్డింగ్ పెడితే వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. మీ క్యారియర్ కోసం ఇంకొకరి ఊపిరితిత్తులు ఎందుకు? ఎంఎస్ వేసి రెడ్ ఆక్సైడ్, దాని మీద పెయింటు కొట్టించండి.

ఇప్పుడు లెక్క చూడండి. ఈ సైజుకు మూడు పైపులు పడతాయి, అంటే ఇరవై కిలోలు. కాళ్లు, క్లాంపులు కలిస్తే పాతిక దాటుతుంది. సామాను వేయకముందే నెత్తిన పాతిక కిలోలన్నమాట. క్యారియర్‌తో కలిపి వంద కిలోలు దాటనివ్వను, ఇది నా రూలు. ఇరవై లీటర్ల డీజిల్ క్యాను ఒక్కటే డబ్బాతో కలిపి ఇరవై కిలోలు ఉంటుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేటప్పుడు, మలుపులో బండి పక్కకు ఒరిగి తిరిగి నిలబడటానికి తీసుకునే ఆ క్షణంలో పైన బరువు ఎంతుందో డ్రైవరుకు తెలిసిపోతుంది. అందుకే పరుపులు, టెంటు, బట్టల మూటలు పైకి. టూల్ బాక్సు, నీళ్ల క్యాన్లు, బియ్యం బస్తా లోపల, సీట్ల వెనక, కిందకు.

ఇది చెబితే మా గ్రూపులో కుర్రాళ్లు నవ్వుతారు. వాళ్ల క్యారియర్ మీద స్పేర్ టైరు, రెండు డీజిల్ క్యాన్లు, గడ్డపార, పొడవాటి ఎల్‌ఈడీ లైటు ఉంటాయి. సహారా ఎడారి దాటేవాళ్లలా బయల్దేరతారు. తీరా వెళ్లేది లంబసింగికి, దారి పొడుగునా పెట్రోలు బంకులే. ఆ లైటు ఎదురొచ్చే ఆర్టీసీ డ్రైవరు కళ్లలో కొడుతుంది. ఆయన వెనక ఓ బస్సెడు జనం ఉంటారన్న ధ్యాస ఉండదు. పాడేరు వైపు సంతరోజు జీపుల మీద మనుషులు కూర్చోవడం మనమంతా చూసిందే. వాళ్లకు వేరే బండి దొరకక ఎక్కుతారు. వీళ్లు వీడియో కోసం ఎక్కుతారు. రెండూ మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ ప్రకారం తప్పే.

చట్టం మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. క్యారియర్‌ను బాడీకి వెల్డింగ్ చేయించవద్దు అనడానికి ఇదో కారణం. క్లాంపులైతే పానా పట్టుకుని అరగంటలో దించేయొచ్చు. నేను ఊళ్లో తిరిగే రోజుల్లో దించే ఉంచుతాను, గాలి హోరూ తగ్గుతుంది, డీజిలూ కలిసొస్తుంది. ఎందుకైనా మంచిది, మీ ఆర్టీఓ ఆఫీసులో ఒక మాట అడగండి.

మీ జీపుకు హార్డ్‌టాప్ ఉంది కాబట్టి సరిపోయింది. గుడ్డ టాపు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, గుడ్డను పట్టి ఉంచే పై కమ్మీల మీద ఏమీ పెట్టకండి. కాళ్లు కింద బాడీ దాకా దిగే ఫ్రేము వేరే కట్టించాలి, అది ఇంకో ఖర్చు.

తాడు నైలాన్‌ది వద్దు, తడిస్తే సాగుతుంది. లారీ సామాన్ల కొట్లో లివరుతో బిగించే రాచెట్ బెల్టులు దొరుకుతాయి. పైపు కొనడానికి వెళ్లేముందు ఇంటి పోర్టికో ఎత్తు, బండి ఎత్తు కొలుచుకోండి. క్యారియర్‌తో ఓ ఎనిమిది, తొమ్మిది అంగుళాలు పెరుగుతుంది. మా వీధిలో ఒకాయన బండి అప్పట్నుంచీ రోడ్డు మీదే ఉంటోంది.